చిత్తుకాగితాలు 15 టన్నులు!

ఆ పిల్లాడివి రెండు ఫొటోలు. ఒకదాంట్లో పొడుగాటి జడలు, అలంకారాలతో కుట్టిన బట్టలు, చేతిలో పిస్టలు. రెండోదాంట్లో పొట్టి క్రాపు, బొత్తాల యూనిఫాం, నడుంమీద దర్జాగా చెయ్యి. బడిలో వేస్తే ఎంతలా మారిపోయాడో చూడండంటూ కెనడా ప్రభుత్వం ఈ రెంటినీ 1896 సంవత్సరపు ఇండియన్ వ్యవహారాల శాఖ నివేదికలో పక్కపక్కనే వేసుకుంది. బడికెళ్లే పిల్లాడి చేతిలో పిస్టలేమిటీ అంటే... స్టూడియో ఫొటో కదా, ఏదైనా పెట్టొచ్చు!

పిల్లాడి పేరు థామస్ మూర్ కీసిక్. రెజైనా ఇండస్ట్రియల్ స్కూలు రిజిస్టర్లో 22వ నంబరు. 1891లో చేరేనాటికి వయసు ఎనిమిదేళ్లు.

ప్రెయిరీ గడ్డిమైదానాల్లో అలాంటి బడులు చాలానే ఉండేవి. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది చర్చి. మూలవాసుల పిల్లల్ని ఇళ్లనుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. కెనడా మొత్తంమీద సుమారు లక్షా యాభైవేల మంది ఈ బడుల్లో చదివారు. చివరివి మూతపడింది 1990ల్లో.

1892 నుంచి సర్కారు గ్రాంటు పిల్లాడికింత అని లెక్కగట్టి ఇచ్చేది. ఒక్క పేరు తగ్గినా బడికి నష్టమే. కాబట్టి హాజరు లెక్కలు జాగ్రత్తగానే రాశారు. చనిపోయినవాళ్ల దగ్గరికొచ్చేసరికి కలం తడబడింది. 2015లో నివేదిక ఇచ్చిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్‌కు 3,200 మరణాల ఆధారాలు దొరికాయి. వాటిలో దాదాపు మూడోవంతు పిల్లలకు పేరే లేదు. పావువంతు మంది ఆడపిల్లలో మగపిల్లలో కూడా రాయలేదు.

తెలియక జరిగిందా అంటే, కాదు. ప్రభుత్వ వైద్యాధికారి పీటర్ బ్రైస్ 1907లోనే ప్రెయిరీ బడులు తిరిగి లెక్క తీశాడు. వివరాలు దొరికిన 1,537 మంది పిల్లల్లో సుమారు పావువంతు చనిపోయారు. ఎక్కువమందిని తీసుకెళ్లింది క్షయ. గాలాడని పడకగదులు బాగుచెయ్యమని చెప్పినా విన్నవాళ్లు లేరు. ఉద్యోగం వదిలాక 1922లో ఆయనే ఓ చిన్న పుస్తకం అచ్చువేసి ఈ సంగతి బయటపెట్టాడు.

ఇక 1935లో వచ్చిన రూలు చూడండి. బడుల రిటర్నులు ఐదేళ్లు దాటితే, ప్రమాదాల నివేదికలు పదేళ్లు దాటితే పారేయవచ్చు! అలా పోయిన చిత్తుకాగితం 15 టన్నులు. 1936-44 మధ్య ఇండియన్ వ్యవహారాల శాఖ ఫైళ్లు రెండు లక్షలు మాయమయ్యాయి. చర్చిల దగ్గర కూడా కొన్ని కాగితాలు మిగిలాయి. బాప్టిజం, సమాధుల రిజిస్టర్లు, మిషనరీల రోజువారీ చిట్టాలు. 2021 జూన్‌లో సస్కాచెవాన్‌లోని మారివాల్ బడి దగ్గర గుర్తుల్లేని సమాధులు 751 బయటపడ్డాయని కౌసెస్ తెగ ప్రకటించింది. అన్నీ పిల్లలవే అనలేమని కూడా ఆ తెగవారే చెప్పారు. ఏది ఎవరిదో తేలాలంటే మళ్లీ ఆ రిజిస్టర్లే దిక్కు. బడి నడిపిన ఆబ్లేట్ మిషనరీలు అప్పుడు తమ పత్రాలు చూపిస్తామన్నారు. విన్నిపెగ్‌లోని నేషనల్ సెంటర్ ఫర్ ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ ఆర్కివిస్టులు రోమ్‌దాకా వెళ్లి పాత ఫొటోలు వెతికారు.

ఇంకో కట్ట కాగితాల సంగతి వేరు. బడుల్లో తమపై జరిగిన అత్యాచారాలను పరిహారం కోసం సుమారు 38 వేల మంది చెప్పుకున్నారు. రహస్యంగా ఉంచుతామన్న మాటమీదే నోరు విప్పారు. అవి చరిత్ర, దాచాలన్నది ప్రభుత్వ వాదన. ఒకప్పుడు ఫైళ్లు పారేసిన ప్రభుత్వమే! సుప్రీంకోర్టు 2017లో ఒప్పుకోలేదు. కథ ఎవరిదో, నిర్ణయమూ వారిదేనంది. దాచమని అడిగినవారివి దాస్తారు. మిగతావాటికి గడువు 2027 సెప్టెంబరు 19. ఆపై ధ్వంసమే.

తమ కథ ఎవరికంటా పడకూడదనుకునేవారు ఏ దరఖాస్తూ పెట్టక్కర్లేదు. ఊరుకుంటే చాలు. దాచమని చెప్పకుండానే కన్నుమూసినవారూ ఊరుకున్నవారి లెక్కలోకే వస్తారు.