అవ్వ పాటకు ఆంధ్రా గాయని ఎందుకు?

ఈసారి కొంచెం పొడుగుగానే రాస్తా ఉన్నాం. ఓపికగా చదవండి. కోపం వస్తే ఇక్కడే తిట్టండి, ఫోన్ చేసి తిట్టవద్దు, మా ఇంట్లో మధ్యాహ్నం నిద్రపోతారు.

పోయిన నెల కార్యవర్గం మీటింగులో ఒక తీర్మానం పెట్టారు. మన అవ్వల పాటలు అన్నీ పోతా ఉన్నాయి, వాటిని ఆల్బంగా తీసుకురావాలి అని. ఇంతవరకు బంగారం లాంటి మాట. ఆ తరువాతది వినండి. కోయంబత్తూరులో పెద్ద స్టూడియో రెండు రోజులకు బుక్ చేయాలంట. కీబోర్డు, తబలా, ఫ్లూటు పెట్టాలంట. విజయవాడ పక్కనుంచి ఒక గాయనిని పిలిపించి, అవ్వల పాటలు ఆమెతో ‘శుద్ధంగా’ పాడించాలంట. పాడిన అవ్వలకు వార్షికోత్సవంలో శాలువ కప్పుతారంట. దీనికి ఇంటికి ఇంత అని చందా.

మేము దీన్ని ఒప్పుకోము. చందా ఇయ్యడం కష్టమై కాదు. ఈ పద్ధతిలో డబ్బు పోతుంది, పాటా పోతుంది.

మన వీధిలోనే ఒక అబ్బాయి మొట్టమాడి మీద స్టూడియో పెట్టుకుని ఉన్నాడు కదా, ముందు అక్కడ చేద్దాం అని మాలో ఒకరు లేచి చెప్పారు. ‘అది పిల్లకాయల ఆట సామాను’ అని ఒక జవాబు వచ్చింది. ఒకరైతే ‘గోడలకు కోడిగుడ్డు అట్టలు కూడా అంటించలేదు, అదేం స్టూడియో’ అన్నారు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఎంతమంది ఆ మెట్లు ఎక్కి చూశారు? మేము ఎక్కి చూశాం, మోకాలి నొప్పితోనే.

పది అడుగులకు పన్నెండు అడుగుల గది. అబ్బాయి పగలు లేత్ పట్టరలో పని చేస్తాడు, రాత్రి గిటారు వాయిస్తాడు. కంపెనీ మైకు కొనే స్తోమత లేక తానే చేసుకున్నాడు. మైకులో వినే పని అంతా చేసేది చొక్కా గుండీ అంత ఉండే ఎలక్ట్రెట్ క్యాప్సూల్. అది మద్రాసు రిచ్చీ స్ట్రీట్లో పది ఇరవై రూపాయలకు దొరుకుతుంది. దాన్ని నీళ్ళ పైపు ముక్కలో బిగించి, ముందర టీ వడకట్టే జల్లెడ పెట్టాడు. చిన్న శబ్దాన్ని పెద్దది చేసే ప్రీయాంప్ కూడా సొంతంగా సోల్డరింగ్ చేసుకున్నదే. ఎనిమిది కాళ్ళ ఎన్‌ఈ 5532 ఐసీ ఒకటి, రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు. బ్యాటరీ ఎందుకురా, గోడలో కరెంటు ఉంది కదా అని అడిగితే, ‘తాతా, కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది, ఆ ఊపు మైకులో హూం అని వినబడుతుంది, బ్యాటరీకి ఆ రోగం లేదు’ అన్నాడు. ఆట సామాను చేసేవాడికి ఈ జ్ఞానం ఉంటుందా?

ఇక ఆ కోడిగుడ్డు అట్టల సంగతి. సినిమాలో చూసి అందరూ అదే స్టూడియో అనుకుంటారు. ఆ అట్ట బరువు ఎంత? బయటి లారీ శబ్దం ఆగాలంటే గోడ బరువుగా ఉండాలి, సందులు మూసుకోవాలి. లోపల గొంతు గోడకు కొట్టుకుని తిరిగి రాకుండా ఉండాలంటే మందమైన మెత్తని సరుకు కావాలి. అట్ట ఈ రెండిటికీ పనికిరాదు. అబ్బాయి ఇలవం పంజు పరుపులు, మన అవ్వల కాలంలో కల్యాణానికి పెట్టి పంపినవి, పాతవి అడిగి తెచ్చుకున్నాడు. చెక్క చట్రంలో బిగించి, గోడకు నాలుగు వేళ్ళ ఎడంగా నిలబెట్టాడు. ఆ ఎడం ఉంటే బండ శబ్దాన్ని కూడా కొంచెం ఎక్కువ మింగుతుందంట. లోపల నిలబడి చప్పట్లు కొట్టి చూశాం. చప్పట మోగి అక్కడే చచ్చిపోయింది. లారీల గొడవకు మాత్రం మందు లేదు, అందుకే తెల్లవారి నాలుగు గంటలకు రికార్డు చేస్తాడు. అవ్వలకు అది ఇబ్బందా? వాళ్ళు మూడున్నరకే లేచి కూర్చుని ఉంటారు.

ఇంట్లో చేసినది ఇంటి సరుకు, దానికి మర్యాద లేదు అనేవాళ్ళకు ఒక మాట. గౌహర్ జాన్ పాటను 1902లో కలకత్తాలో గ్రామఫోన్‌వాళ్ళు పట్టింది హోటల్ గదిలో. ‘రోజా’ పాటలు తయారైంది ఏ.ఆర్. రహమాన్ 1989లో ఇంటిని ఆనుకుని కట్టుకున్న స్టూడియోలో. ఆయన సామాను ఖరీదైనదే, కాదనము. ఇల్లు అనే మాటకే మీరు ముక్కు ముడిచినందుకు చెప్తా ఉన్నాం. మా రైల్వే సంగతే చూడండి. ఎన్నో ఏళ్ళు మేము కౌంటర్లో తేదీ కొట్టి ఇచ్చిన గట్టి అట్ట టికెట్టును కనిపెట్టింది థామస్ ఎడ్మండ్‌సన్. ఇంజనీరు కాదు, వడ్రంగం నేర్చి, వ్యాపారంలో దివాలా తీసి, 1830లలో ఇంగ్లండులో ఒక చిన్న స్టేషనులో ఉద్యోగానికి చేరిన మనిషి. చేతితో టికెట్లు రాసి రాసి విసుగు పుట్టి, నంబరు వేసిన అట్ట టికెట్టు, దానిమీద తేదీ గుద్దే యంత్రం తయారు చేశాడు. అప్పుడు కూడా ‘ఆట సామాను’ అని ఎవరో ఒకరు నవ్వే ఉంటారు.

అసలు విషయానికి వస్తాం. మనలో ఎక్కువమంది తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు అక్షరాలు మేము పెన్షన్ తీసుకోవడం మొదలుపెట్టినాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. అవ్వ పాట రాయాలంటే మనవాళ్ళు తమిళ అక్షరాల్లోనే రాసుకుంటారు. ఆ అక్షరాల్లో గాలి, కాలి రెండూ ఒకటే. పది ఏళ్ళు పోయినాక ఆ నోటుబుక్కు తెరిచేవాడికి ఏది గాలో ఏది కాలో ఎవరు చెప్తారు? పాడిన గొంతే చెప్పాలి. ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారు, ఇంట్లో తెలుగు మాట్లాడేవారే, మన పూర్వీకులు దక్షిణానికి వచ్చిన కథను ‘గోపల్ల గ్రామం’ అని 1976లో తమిళంలో రాశారు. కరిసల్ మాటలన్నీ ఏరి నిఘంటువు చేశారు. కథ తమిళంలో నిలబడింది. పాట అట్లా ఇంకొక భాషలో నిలబడదు. మన పాటకు శబ్దమే పుస్తకం.

అందుకనే ‘శుద్ధంగా’ అనే మాట వింటే మాకు మండుతుంది. అవ్వ ‘ఉండాది’ అంటే గాయని ‘ఉంది’ అని దిద్దుతుంది. తాళం సరిపోలేదని ఒక చరణం కత్తిరిస్తారు. మిగిలేది రేడియోలో ఎక్కడైనా దొరికే పాట. దానికి మన సంఘం ఎందుకు, మన చందా ఎందుకు? త్యాగరాజస్వామి కీర్తనలు ఎంతో భాగం మనకు దక్కింది శిష్యులు రాసి దాచిన ప్రతులవల్ల. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్రులు, తెలుగు ఆయన ఇంటి భాష కూడా కాదు. విన్నది విన్నట్లు రాసిపెట్టే పని ఆయన చేశారు. మన ఇంటి భాష పాటకు మనం ఆ మాత్రం చేయలేమా?

అవ్వలనే పెద్ద స్టూడియోకు తీసుకుపోతాం అనేవాళ్ళూ ఉన్నారు. ఏసీ గదిలో, అద్దం వెనక ముక్కు మొహం తెలియని మగవాడు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, ‘శ్రుతి ఏంటమ్మా’ అని అడిగితే అవ్వ నోట మాట వస్తుందా? ఊయల ఊపకుండా జోలపాట రెండో చరణం గుర్తుకు రాని అవ్వలు ఉన్నారు. రోకలి చేతికి ఇస్తేనే దంపుడుపాట కదులుతుంది. ఒప్పారి అయితే నలుగురిలో పాడనే పాడరు, అమంగళం అంటారు. మొట్టమాడి గదిలో చీర ఊయల కట్టొచ్చు, తలుపు వేసుకుని మనవరాలు ఒక్కతే పక్కన కూర్చోవచ్చు. రెండు రోజుల బుకింగులో గంటకు ఇంత అని మీటర్ తిరుగుతా ఉంటే ఇదంతా జరగదు.

అబ్బాయికి కూడా ఒకటి చెప్పాలి. చదువుతా ఉంటాడు, చదవనీ. బాబూ, ప్రీయాంప్ మూడోసారి విప్పి మళ్ళీ చేస్తా ఉన్నావు. ఈ కెపాసిటర్ మారిస్తే ఇంకా బాగుంటుంది, ఆ కేబుల్ మారిస్తే ఇంకా బాగుంటుంది అంటావు. ఎనిమిది నెలల్లో రికార్డు అయింది నాలుగు పాటలు. చవక క్యాప్సూల్‌లో ‘స్‌స్’ అని సన్న గాలి శబ్దం ఉంటుంది, నువ్వే చెప్పావు. మైకును జానెడు దూరానికి తెస్తే గొంతు ముందుకు వస్తుంది, ఆ శబ్దం వెనక్కు పోతుంది, అదీ నువ్వే చెప్పావు. మరి ఎందుకు కాచుకోవడం? ఆడిపూర మీటింగుకు, దీపావళి మీటింగుకు నడుమ మన పేటలో ఇద్దరు అవ్వలు పోయారు. ఒకరికి పంటనాటు పాటలు ఇరవైకి పైగా వచ్చు అని ఆమె కోడలే చెప్పింది. ఆమె గొంతు పెళ్ళి వీడియోలో, నాదస్వరం కింద, ఒక్క నిమిషం ఉంది. అంతే.

ఈ ఆదివారం సర్వసభ్య సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది. స్టూడియో బుకింగు నిలపాలి. ఆ డబ్బులో కొంచెం తీసి అబ్బాయికి ఒక మంచి కంపెనీ మైకు, కంప్యూటరుకు తగిలించే ఇంటర్‌ఫేస్ పెట్టె, రెండు హార్డ్ డిస్కులు కొనియ్యాలి. తను చేసిన మైకు రెండోదిగా పక్కన ఉండనీ. ఎడిటింగుకు ఆడాసిటీ ఉంది, అది ఉచితం. రికార్డింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా ఉండాలి, ఒక మైకుతో గంట పాటకు సుమారు 520 ఎంబీ అవుతుంది, భయపడే లెక్క కాదు. వాట్సాప్‌లో పంపి అదే కాపీ అనుకోవద్దు. ఒక డిస్కు అబ్బాయి దగ్గర, ఒకటి సంఘం బీరువాలో, ఇంకొక ప్రతి ఆ అవ్వ ఇంట్లోనే. అవ్వ వద్దు అన్న పాట బయటికి పోకూడదు.

ప్రతి పాటకు ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చారు, ఏ పనిలో పాడేది, తేదీ, అన్నీ రాయాలి. ఆ రిజిస్టరు మేము రాస్తాం, ముప్పై నాలుగు ఏళ్ళు అదే చేశాం. తెల్లవారి నాలుగు గంటలకు అవ్వలను తీసుకువచ్చే ఆటో బాడుగ సంఘం ఇయ్యాలి. శాలువలు వద్దు. ఫ్లాస్కులో కాపీ చాలు, చక్కెర తక్కువ.