కొలువు ముగిసినను తీరని శిక్ష

సైనికుడు కొలువు చాలించి యింటికి మరలునపుడు ప్రభుత్వమువారు ఆతని చేతికి ఒక విడుదల పత్రము నిత్తురు. ఎన్ని యేండ్లు పనిచేసెను, ఏ పతకముల నార్జించెను, ఏ హేతువున విడువబడెను అను సంగతులన్నియు నందుండును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ పత్రమునందలి యొక్క మాట తక్కిన మాటల నన్నిటిని మ్రింగివేయగలదు. "గౌరవపూర్వకము" అని యున్నచో ఆతనికి చికిత్సయు, చదువునకు ద్రవ్యసహాయమును, ఇల్లు కొనుటకు తెచ్చు అప్పునకు ప్రభుత్వపు పూచీయు లభించును. "గౌరవేతరము" అని యున్నచో ఈ ద్వారములలో పెక్కులు మూతపడును. పని యడుగబోయిన చోట యజమాని ఆ పత్రమును చూచి మొగము త్రిప్పుకొనును. చెరసాలలోని దొంగకు సైతము విడుదల దినమొకటి కలదు. ఈ సైనికుని శిక్షకు గడువు లేదు.

ఆ దేశమున విడుదలలు ఐదు తెగలు. గౌరవపూర్వకము, సామాన్యము, గౌరవేతరము, దుష్ప్రవర్తన హేతుకము, అగౌరవకరము అని వానిని చెప్పవచ్చును. కడపటి రెండును సైనిక న్యాయస్థానము, అనగా కోర్టుమార్షలు, నేరము స్థాపించిన పిదపనే విధింపదగినవి. నడిమిదగు గౌరవేతర విడుదల యట్టిది కాదు. నేరస్థాపన లేకయే సైన్యాధికారులు తమ పరిపాలనాధికారముచేత దీనిని విధింపగలరు. కోర్టుమార్షలు తప్పిన చాలునని యిరువదియేండ్ల పడుచువాడు దీనికి సమ్మతించి సంతకము చేయును. తాను వదలుకొనిన దేమియో నలువదవయేట గాని యెరుగడు.

ఇట్టి పత్రమును సరిదిద్దించుకొను మార్గమును శాసనము కల్పించియే యున్నది. కాని చేయిపట్టి నడిపించు న్యాయవాది లేనివానికి ఆ మార్గము ఉండియు లేనిదే యగుచున్నది. నేడు మేము చెప్పదలచిన దిదియే.

పూర్వము ఆ మార్గమును లేకుండెను. 1906 ఆగస్టులో టెక్సాసు రాష్ట్రమందలి బ్రౌన్స్‌విల్ పట్టణమున ఒక రాత్రి కాల్పులు జరిగి యొకడు మరణించెను. పట్టణవాసులు, సమీపమున విడిసియున్న ఇరువదియైదవ పదాతిదళమునందలి నల్లజాతి సిపాయిలపై నేరము మోపిరి. కాల్చినవా డెవడో యెవరును నిరూపింపలేదు. ఒక్కనిపైనను విచారణ జరుగలేదు. అయినను అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు 167 మందిని గౌరవరహితముగా పంపివేసెను. ఒహైయో సెనేటరును న్యాయవాదియు నగు జోసెఫ్ ఫోరేకరు వారి పక్షమున గట్టిగా వాదించినను తుదకు పదునలుగురకు మాత్రమే మరల కొలువున చేర అనుమతి దొరకెను. 1972లో గాని సైన్యమువారు ఆ యాజ్ఞను రద్దుచేయలేదు. నాటికి సజీవుడై యున్న డార్సీ విల్లిస్ అను వృద్ధునకు 25,000 డాలర్ల పరిహారము లభించెను. ఆతడు దశాబ్దములకొలది మంగలి దుకాణమున బూట్లకు మెరుగుపెట్టి పొట్టపోసికొనిన మనుజుడు. పోయిన ప్రాయమును ఏ ఖజానా చెల్లింపగలదు?

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ యన్యాయము నీలి కాగితమెత్తెను. గౌరవమనియు అగౌరవమనియు తేల్చకుండ నీలివర్ణపు కాగితముపై విడుదల నిచ్చుట సైన్యమున పరిపాటి యయ్యెను. 1941 డిసెంబరు మొదలు 1945 జూను వరకు ఇట్టివి 48,603 ఇయ్యబడగా అందు 10,806 నల్లజాతివారికి దక్కెను. సైన్యమున స్వల్పసంఖ్యాకులే యైనవారికి ఈ కాగితములలో మాత్రము నూటికి ఇరువదిరెండు వంతులు! నల్లజాతివారి వారపత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ 1945లో దీని నెండగట్టెను. 1947లో నీలి కాగితము నిలిచిపోయెను.

ఇంతలో శాసనమును మేల్కొనెను. 1944 నాటి చట్టముచేత విడుదల పునర్విచారణ సంఘములును, 1946 నాటి చట్టము ననుసరించి సైనిక లేఖ్యములను సవరించు సంఘములును ఏర్పడినవి. మొదటివానికి పదునైదేండ్లలోపల దరఖాస్తు చేయవలెను. జనరలు కోర్టుమార్షలు విధించిన విడుదలను అవి ముట్టజాలవు. రెండవవానికి, తప్పు కనుగొనిన మూడేండ్లలోపల దరఖాస్తు చేయవలెను. న్యాయమునకై యవసరమని తోచినచో ఆ గడువును మన్నింపవచ్చును. ద్వారము తెరచియే యున్నది. కాని లోనికి పోవువాడు న్యాయవాదిని తన ఖర్చుపైననే తెచ్చుకొనవలెను. కూలియే దొరకనివానికి ఫీజు ఎచ్చటనుండి వచ్చును?

న్యాయవాది అక్కర యేమి, నిజము చెప్పిన చాలదా యని కొందరందురు. చాలదు. "నాకు అన్యాయము జరిగినది" అని వ్రాయుట వేరు. ఏ నిబంధన యుల్లంఘింపబడినదో, ఏ సాక్ష్యము విస్మరింపబడినదో చూపుట వేరు. 1973లో సెయింట్ లూయిస్ నగరమున సైనిక లేఖ్యశాల తగులబడి లక్షలకొలది దస్తరములు బూడిదయైనవి. అందు తన చరిత్ర దగ్ధమైనవాడు వైద్యుల కాగితములు, తోడి సైనికుల వాఙ్మూలములు, ఇంటికి వ్రాసిన జాబులు కూర్చి దానిని మరల నిలువబెట్టవలెను. అది నేర్చినవాని పని.

మరియొక దృష్టాంతము. యుద్ధభీతిచే మనస్సు చెదరుటకు నేడున్న వైద్యనామము 1980లో గాని ఆ దేశపు మానసికవైద్యుల గ్రంథమున కెక్కలేదు. వియత్నాముననుండి తిరిగివచ్చి నిద్రలేక, మత్తునకు లోబడి, పటాలము విడిచి పోయినవానిని అంతకుముందు ఏమనిరి? దుర్మార్గుడనిరి. పేరులేని రోగము నేరమైనది. 2014లో యేలు న్యాయకళాశాల విద్యార్థులు అట్టివారి పక్షమున వ్యాజ్యము తెచ్చిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో రక్షణమంత్రి చక్ హేగెలు, ఇట్టి దరఖాస్తులను ఉదారబుద్ధితో పరిశీలింపుడని సంఘముల కాజ్ఞాపించెను. 2017 నాటి యుత్తరువు ఆ యౌదార్యమును ఇతర మనోవ్యాధులకును, కొలువులో మానభంగమునకు గురియైనవారికిని వర్తింపజేసెను. నలువదియేండ్ల మొరకు దొరకని ఫలము వ్యాజ్యము తెచ్చిన యేటనే దొరకెను.

సైన్యమునకు క్రమశిక్షణ ప్రాణము. విడుదలలను తిరుగదోడినచో ఆజ్ఞకు విలువ యెక్కడిది అని ఆక్షేపింతురు. క్రమశిక్షణ ప్రాణమనుట మేము నొప్పుకొందుము. కాని క్రమశిక్షణ వేరు, అవిచారణ వేరు. తప్పుచేసినవాడు శిక్ష పొందుగాక. ఎంత తప్పునకు ఎంత శిక్షయో తూచు త్రాసు ఉండవలదా? 1944లో కాలిఫోర్నియాయందలి పోర్టు షికాగో రేవున మందుగుండు ప్రేలి 320 మంది మడిసిరి. బ్రతికిన నల్లజాతి నావికులు ఆ యపాయకరమైన పనికి మరల పోజాలమనగా ఏబదిమందిని తిరుగుబాటు నేరముపై శిక్షించిరి. థర్గుడ్ మార్షలు వారి పక్షమున అప్పీలు నడపెను. ఎనుబదియేండ్లు నిండిన పిదప, 2024 జూలై 17వ తేదిన, నౌకాశాఖ మంత్రి వారిని నిర్దోషులుగా ప్రకటించెను. ఆ ప్రకటనచే అమెరికా నౌకాబలము క్రమశిక్షణ సడలలేదు. సడలినది పాత కళంకమే.

ఇది పరాయిదేశపు గోడు అని చదువరులు పత్రికను మడిచి పెట్టకుందురు గాక. 1945లో ఎఱ్ఱకోట విచారణయందు భూలాభాయి దేశాయి ఆజాదు హిందు ఫౌజు వీరులు మువ్వురి పక్షమున వాదించెను. వారికి విధించిన ద్వీపాంతరవాసమును 1946 జనవరిలో సేనాధిపతి మన్నించెను. కాని కొలువునుండి తొలగించుటను, జీతపు బకాయిల జప్తును మాత్రము నిలిపియుంచెను. చెర తప్పినను కాగితము తప్పలేదు! స్వతంత్ర భారతమున 2007 నాటి చట్టముచేత సాయుధబలముల ట్రిబ్యునలు ఏర్పడినది. కొలువులో పుట్టిన రోగమని చెప్పి పించను కోరు సిపాయిపై రుజువుభార మంతయు మోపరాదని 2013లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములలో న్యాయసహాయము నేర్పరుప 2025 జూలైలో జాతీయ న్యాయసేవాధికార సంస్థ ఒక పథకము నారంభించినది. ఇక్కడను శాసనము కలదు. దానిని పల్లెవరకు మోసికొనిపోవు మనుష్యులు కావలెను.

స్వరాజ్యమునకై కోర్టులు విడిచిన టంగుటూరి ప్రకాశము, కొండా వెంకటప్పయ్యగార్లను ఆంధ్రదేశము కన్నది. నేటి న్యాయవాదులను కోర్టు విడువుమని మేము కోరుట లేదు. నెలకొక్క దినము ఒక మాజీ సైనికునికై కోర్టునకు రండని కోరుచున్నాము. పఠనమందిరములకు వచ్చు చదువరులారా! మీ వీథిలో పెట్టె యడుగున విడుదల పత్రమును దాచుకొని మౌనముగా బ్రతుకువాడొకడు ఉండవచ్చును. ఆ పత్రమును తెప్పించి చదువుడు. అందలి తేదీలు, హేతువు, వైద్యసంఘపు వ్రాత వేరుగా వ్రాసికొని ఆతనిని న్యాయవాదియొద్దకు తోడ్కొనిపొండు. దేశముకొరకు తుపాకి మోసినవాడు తన న్యాయమునకై ఒంటరిగా తలుపులు తట్టుట దేశమునకే అగౌరవము.