లాగ్ ఫేజ్ విశ్రాంతి కాదు

బాక్టీరియా పెరుగుదల గ్రాఫు గీసి, మొదటి అడ్డగీత కింద “విశ్రాంతి దశ” అని రాసే అలవాటు మన రికార్డు పుస్తకాల్లో బాగా పాతుకుపోయింది. ఆ మాట నాకు బొత్తిగా నచ్చదు. మాది డోర్నకల్. కొత్తగూడెం లైను చీలే జంక్షన్. బండి ఆగింది కాబట్టి స్టేషన్లో పని కూడా ఆగిందని మా ఊళ్ళో ఎవరూ అనరు మరి!

రెండు చక్కెరలు కలిపిపెడితే బాక్టీరియా మొదటిది తిని, కాసేపు నిలిచి, తర్వాత రెండోదాని జోలికి వెళ్ళడం 1940ల మొదట్లో పారిస్‌లో జాక్ మోనో గమనించాడు. గ్లూకోజు, లాక్టోజుల జత మనకందరికీ కంఠతా వచ్చినదే. జన్యువు స్విచ్చు ఎలా పడుతుందో బాగానే చెబుతున్నారు. ఖర్చు సంగతే ఎవరూ ఎత్తరు.

కణం పొడిబరువులో సగానికి పైగా ప్రోటీన్లే. వాటిని తయారుచేసేవి రైబోసోములు. ఆ రైబోసోముల్లోని ప్రోటీన్లను తయారుచేయవలసిందీ రైబోసోములే! అటు ఎక్కువ పెడితే ఆహారాన్ని అరాయించుకునే ఎంజైములకు తక్కువ పడుతుంది. నెల జీతంతో ఇల్లు నడపడం లాంటిదే ఇది. ఆహారం ఎంత పుష్టికరమైతే కణంలో ఆర్.ఎన్.ఎ. అంత ఎక్కువని 1958లో కోపెన్‌హేగన్ బృందం చూపింది. ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపయ్యే ఇ.కోలై కణంలో సుమారు 70 వేల రైబోసోములుంటే, మెల్లగా పెరిగేదాంట్లో పదివేలు కూడా ఉండవు. అమినో ఆమ్లాలు కరువైతే పీపీజీపీపీ అనే చిన్న అణువు పోగై కొత్త రైబోసోముల తయారీని ఆపించేస్తుంది.

అయినా కరువులో కణం అన్నీ వదిలించుకోదు. అప్పటి అవసరానికి మించి కొన్ని రైబోసోములను అట్టే పెట్టుకుంటుంది. దుబారా అనవచ్చు. నేనైతే విత్తనాల గింజలంటాను. తిండి దొరికిన మరుక్షణం పుంజుకునేది వాటితోనే.

ఇది పుస్తకాల గొడవ మాత్రమే కాదు. పెన్సిలిన్ చంపేది ముఖ్యంగా పెరుగుతూ గోడ కట్టుకుంటున్న కణాలనే. మందకొడిగా ఉన్నవి తప్పించుకుని, మందు పోయాక మళ్ళీ లేస్తాయి. “విశ్రాంతి” అని కొట్టిపారేస్తే ఇది విద్యార్థికి ఎలా తలకెక్కుతుంది?

లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. ఈసారి ప్రాక్టికల్లో న్యూట్రియెంట్ బ్రాత్‌లో పెరిగిన ఇ.కోలైని ఉత్త లవణాలు, గ్లూకోజు ఉన్న మాధ్యమంలోకి మార్పించండి. మరో ఫ్లాస్కులో ఇటునుంచి అటు. మొదటిదాంట్లో అమినో ఆమ్లాలు చేసుకునే ఎంజైములన్నీ కొత్తగా కూడబెట్టుకోవాలి గనుక గీత చాలాసేపు కదలదు, రెండోది తొందరగా లేస్తుంది. కలరిమీటరు ఉన్నదే. పావుగంటకొక రీడింగు మేమే వంతులు వేసుకుని తీస్తాం. ల్యాబు తాళం మాత్రం సాయంత్రం అయిదింటికి వేయకండి, ఎనిమిది దాకా మా దగ్గర ఉంచండి.