చదవని లేఖలకు చదువరిదా నేరం?

రాజకీయ పక్షాలు, ప్రజాప్రతినిధులు పంపే ఈ-మెయిల్ వార్తాలేఖలను జనం తెరవడం లేదంటే నింద చదువరిపై వేయడం రివాజైంది. ప్రజలకు ఓపిక లేదట, నాలుగు వాక్యాలు చదివే అలవాటు పోయిందట. ఈ వాదన నిలవదు.

బిలాస్‌పూర్‌లోని దయాల్‌బంద్‌నే తీసుకోండి. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి రైలు కొలువుల కోసం తెలుగువారు వలస వచ్చిన పట్టణమది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. అక్కడి తెలుగు కుటుంబానికి కావలసిన కబురేది? తిరుపతి రైలు ఈ వారం నడుస్తుందా? 2022లో బొగ్గు రవాణా కోసం ప్రయాణికుల రైళ్లను రద్దు చేసినప్పుడు తమ ప్రతినిధి ఎవరిని నిలదీశాడు? 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన విశాఖ రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి దాకా ఎందుకు ఆగింది? వీటికి జవాబు చెప్పే లేఖను ఆ ఇంట్లో ఎదురుచూసి చదువుతారు. వస్తున్నదేమిటి? నాయకుని ఛాయాచిత్రం, పండుగ శుభాకాంక్షలు, ప్రారంభోత్సవాల చిట్టా.

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించింది బొంబాయిలో. సొంతగడ్డకు దూరాన ఉన్న తెలుగువాడు చదవడన్న మాటను ఆ పత్రిక ఆనాడే పూర్వపక్షం చేసింది.

ఇన్ని లక్షల మందికి పంపామన్న లెక్క ఘనకార్యం కాదు. చిరునామాలు పోగేయడం వేరు, పాఠకులను సంపాదించడం వేరు. రోజుకు 5,000కు మించి జీమెయిల్ ఖాతాలకు ప్రచార లేఖలు పంపేవారు ఒక్క నొక్కుతో వాటిని వదిలించుకునే వీలు కల్పించాలని గూగుల్ 2024లో నిబంధన పెట్టింది. సమ్మతి ఇచ్చినంత సులువుగా దానిని ఉపసంహరించుకునే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గుర్తించింది. వద్దనగలిగిన వాడు కావాలన్నప్పుడే ఆ మాటకు విలువ.

పార్టీకి ప్రచారం చేసుకునే హక్కు లేదా అని అడగవచ్చు. నిస్సందేహంగా ఉంది. కరపత్రాన్ని కరపత్రంగానే పంచాలి. దానికి ఉత్తరం ముసుగు తొడగడమే మోసం. ఉత్తరమన్నాక ఒక విషయం ఉండాలి, ఇచ్చిన మాటలో నెరవేరనిదేదో ఒప్పుకోవాలి, అడుగున బాధ్యుని సంతకం ఉండాలి. అన్నింటికీ మించి, బదులు రాస్తే చదివే మనిషి ఉండాలి. "దీనికి ప్రత్యుత్తరం ఇవ్వకండి" అన్న హెచ్చరికతో ముగిసే లేఖ పౌరునితో సంభాషణ ఎలా అవుతుంది? వినే ఉద్దేశం లేనివాడికి, తన మాట ఎవరూ వినడం లేదని వాపోయే అర్హత లేదు.