పాత కామిక్స్‌ కొంటారా? ముందు డీలర్‌ టేబుల్‌ దగ్గర కాసేపు నిలబడండి

కోచింగ్‌ ఫీజుకని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బులో ఓ 5 వేలు పక్కకు తీసి, హైదరాబాద్‌ కామిక్‌ కాన్‌లో పాత కామిక్స్‌ కొని, రెండేళ్లాగి లక్షకి అమ్మేద్దామన్న ఆలోచన మీకూ వచ్చిందా? ఫోన్‌లో తిరిగే వీడియోలు చూస్తుంటే రావడంలో వింతేం లేదు. క్రోసూరులో డిగ్రీ అయిపోయి, నోటిఫికేషన్‌ ఎప్పుడొస్తుందా అని కూర్చున్న రోజుల్లో ఇలాంటివి మరీ అందంగా కనిపిస్తాయి. వెళ్లండి, వద్దనను. ఆ 5 వేలు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. బస్సు చార్జీకి, టికెట్‌కి, తిండికి, మీరు నిజంగా చదువుకునే ఒక్క పుస్తకానికి డబ్బులుంటే చాలు.

వీడియోల్లో చెప్పేది అబద్ధమని కాదు. సూపర్‌మ్యాన్‌ మొదటిసారి కనిపించిన ‘యాక్షన్‌ కామిక్స్‌’ తొలి సంచిక 1938లో 10 సెంట్లకు అమ్మిందే. 2024లో దాని కాపీ ఒకటి అమెరికాలో వేలానికొస్తే 60 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో దాదాపు 50 కోట్లు. కానీ ఎందుకంత పలికిందో వీడియోలో చెప్పరు. అప్పట్లో పిల్లలు చదివి పారేశారు, యుద్ధకాలంలో పాత కాగితాలన్నీ పోగు చేసి ఇచ్చేశారు. చివరికి మిగిలినవి ఓ వంద దాకా ఉంటాయని అంచనా. ఎవరూ దాచలేదు కాబట్టే దానికి విలువ.

ఇక అందరూ దాచినదాని సంగతి చూడండి. 1991లో వచ్చిన ‘ఎక్స్‌-మెన్‌’ కొత్త వరస మొదటి సంచిక 80 లక్షల కాపీలు దాటింది. రేపు కోట్లవుతుందని ఒక్కొక్కరు ఐదేసి, పదేసి కొని ప్లాస్టిక్‌ కవర్లలో పెట్టుకున్నారు. ఇవాళ్టికీ అది కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఆ వెర్రి తగ్గాక అమెరికాలో ఎన్నో కామిక్స్‌ షాపులు మూతపడ్డాయి. సాక్షాత్తూ మార్వెల్‌ కంపెనీయే 1996 డిసెంబరులో దివాలా పిటిషన్‌ వేసుకుంది. ఒక ఏడు మిర్చికి రేటొచ్చిందని మరుసటి ఏడు ఊరంతా మిర్చే వేస్తే ఏమవుతుందో పల్నాడులో పుట్టినవాళ్లకి నేను చెప్పాలా!

మన దగ్గరి పరిస్థితి ఇంకో రకం. హైదరాబాద్‌లో కామిక్‌ కాన్‌ 2013 నుంచి జరుగుతోంది. అక్కడ ఎక్కువగా కనిపించేవి కొత్త పుస్తకాలు, టీషర్టులు, బొమ్మలు, వేషాలు కట్టినవాళ్లు. పాత సంచికలు పెట్టుకుని కూర్చునేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటే మీ అదృష్టం. పాత సరుకు కావాలంటే ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్‌ మీద, మనకింకా దగ్గరైతే విజయవాడ లెనిన్‌ సెంటర్‌లో వెతకాలి. ఏం దొరుకుతాయంటారా? 1964 నుంచి 1990 దాకా నడిచిన ఇంద్రజాల్‌ కామిక్స్‌. అందులో ఫాంటమ్‌, మాండ్రేక్‌, 1976లో వచ్చిన మన దేశపు హీరో బహదూర్‌. 1967లో అనంత్‌ పాయ్‌ మొదలుపెట్టిన అమర్‌ చిత్ర కథ. ఆపైన చందమామలు. చందమామ కామిక్‌ కాదు కదా అంటే కాదు, నిజమే. కానీ 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో చిత్రా, శంకర్‌, వడ్డాది పాపయ్య వేసిన బొమ్మల కోసమే కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

టేబుల్‌ దగ్గర నిలబడితే ముందు నేర్చుకునేది గ్రేడింగ్‌. అమెరికాలో దీనికోసం కంపెనీలే ఉన్నాయి. 0.5 నుంచి 10 దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్‌ డబ్బాలో సీలు చేసి ఇస్తారు. మన చందమామకి మాత్రం మీ కళ్లే సర్టిఫికెట్‌. కల్లంలో ఎర్రకాయ ఒక కుప్ప, తాలుకాయ ఒక కుప్ప పోస్తారే, పని అదే. పిన్నులు తుప్పు పట్టాయా? వెన్ను చీలిందా? నడిమి పేజీ ఉందా, ఊడిపోయిందా? ఎవరైనా పిల్లాడు రాజుగారికి బాల్‌పెన్నుతో మీసాలు పెట్టాడా? (పెట్టే ఉంటాడు.) మన ఇళ్లలో ఏడాది సంచికలన్నీ కలిపి బైండు చేయించడం అలవాటు. దానివల్ల పుస్తకం బతికింది కానీ, బైండరు అంచులు కోసేస్తాడు కాబట్టి సేకరించేవాళ్ల దగ్గర ధర తగ్గుతుంది. చదువుకోవడానికైతే బైండే మేలు.

రెండోది, పాతదేనా అన్న ప్రశ్న. డీలర్‌ ‘ఇది 1968 నాటిది’ అంటే వెంటనే ప్రచురణకర్త చిరునామా చూడండి. ఆరంకెల పిన్‌కోడ్‌ ఉందా? మన దేశంలో పిన్‌కోడ్‌ వచ్చిందే 1972 ఆగస్టు 15న. కాబట్టి అది తర్వాత మళ్లీ అచ్చయిన కాపీ. చిరునామాలో ముంబై అని ఉంటే 1995కీ, చెన్నై అని ఉంటే 1996కీ ముందుది కాదు. ధర అణాల్లో ఉంటే మామూలుగా 1957కి ముందుది, నయాపైసల్లో ఉంటే ఆ తర్వాతి కొన్నేళ్లది. అమర్‌ చిత్ర కథ ‘కృష్ణ’ మొదట 11వ నంబరుతో వచ్చింది. తర్వాతి ముద్రణల్లో 501 అని ఉంటుంది. పాతదాన్ని అచ్చు గుద్దినట్టు మళ్లీ వేసేవాళ్లూ ఉంటారు కాబట్టి ఒక్క గుర్తు పట్టుకుని తేల్చేయకండి. కాగితం, రంగులు, పిన్నులు, చిరునామా అన్నీ ఒకే కథ చెప్పాలి.

ఇక డబ్బు లెక్క. డీలర్‌ 800 చెప్పిన పుస్తకాన్ని మీరు కొని, పది నిమిషాల తర్వాత తిరిగి ఆయనకే అమ్మజూపండి. 300 ఇస్తే గొప్ప. అందులో మోసమేం లేదు. స్టాలు అద్దె, రానుపోను ఖర్చు, అమ్ముడవక ఏళ్లతరబడి పెట్టెల్లో పడుండే సరుకు, అన్నీ ఆ తేడాలోంచే రావాలి. అంటే మీరు కొన్న క్షణానే 500 నష్టంలో ఉన్నారు. దాన్ని దాటి లాభం రావాలంటే ఆ పుస్తకమే కావాలని తిరిగే మనిషి మీకు తెలిసుండాలి. డీలర్‌ అసలు ఆస్తి ఆ పెట్టెలు కాదు. ఎవరి దగ్గర ఏ సంచిక లేదో రాసుకున్న ఆయన ఫోన్‌. ఈ ఒక్క సంగతి చూసొచ్చినా మీ చార్జీలు గిట్టినట్టే. పైగా చందమామలు స్కాన్‌ కాపీలుగా చాలావరకు దొరుకుతున్నాయి. కథ కోసమే అయితే ఎవరూ 800 పెట్టరు, కాగితం కోసం పెట్టేవాళ్లు తక్కువమంది.

అయినా కొనాలనిపిస్తే చివరిరోజు సాయంత్రం వెళ్లండి. సరుకు మళ్లీ మోసుకెళ్లడం ఎవరికీ ఇష్టముండదు, బేరం కుదురుతుంది. ‘నాలుగూ కలిపి ఎంతకిస్తారన్నా?’ అని అడగొచ్చు. కవర్లోంచి తీసేముందు మాత్రం ఓ మాట అడిగి తీయండి. సమోసా తిన్న చేత్తో అస్సలొద్దు.

ఉద్యోగానికీ దీనికీ ఏంటి సంబంధం అంటారేమో. మన రెజ్యూమెల్లో సగానికి పైగా ‘హాబీస్‌: రీడింగ్‌ బుక్స్‌’ అని ఉంటుంది. ‘ఈమధ్య ఏం చదివావు?’ అనగానే గొంతు తడారిపోతుంది. అదే చోట ఒకమ్మాయి ‘పిన్‌కోడ్‌ చూసి రీప్రింట్‌ ఎలా పట్టుకోవచ్చో చెప్పనా సార్‌?’ అంటే బోర్డులో ఉన్నవాళ్లు కుర్చీల్లో ముందుకి జరుగుతారని నా నమ్మకం. సరుకు చూడటం, ధర కట్టడం, ఆధారం అడగడం బ్యాంకులోనూ పనికొస్తాయి, గోడౌన్‌లోనూ పనికొస్తాయి. ఆ 5 వేలు పెట్టి కొన్న పుస్తకాల కట్టకి ఇంటర్వ్యూలో మాట్లాడటం రాదు.

ఇంకో మాట. మీరు హైదరాబాద్‌లో వెతకబోయేది క్రోసూరులోనే ఏ అటక మీదో ఉండొచ్చు. సత్తెనపల్లి, పెదకూరపాడు చుట్టుపక్కల టీచర్లుగా చేసి రిటైరైనవాళ్ల ఇళ్లలో, పాత కరణాల లోగిళ్లలో ట్రంకు పెట్టెలు తెరిపించండి. పాత పేపర్లవాడు కిలో లెక్కన తూకం వేసేలోపు మీరు చేరితే చాలు. కొనక్కర్లేదు, ముందు జాబితా రాయండి: ఏడాది, నెల, కవరు ఉందా లేదా, ఎన్ని పేజీలు పోయాయి. ఇంటివాళ్లకి ఒక కాపీ ఇవ్వండి, అది వాళ్ల సొత్తు మరి. ఫోటోలు తీసుకోండి. చిరిగిన చోట సాయం చేద్దామని సెల్లోటేపు మాత్రం అంటించకండి. కొన్నేళ్లకి ఆ జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ రాదు.