జీవ ఇంధనానికి నిల్వే గండం

డీజిల్‌లో 2030 నాటికి 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 జాతీయ జీవ ఇంధన విధానం లక్ష్యంగా నిర్దేశించింది. 2009 నాటి విధానం 2017 కల్లా 20 శాతం కలపాలని ఆశించినా, ఆ గడువు నాటికి ఒక్క శాతం కూడా సాధ్యపడలేదు. ముడినూనె కొరతే ఇందుకు ప్రధాన కారణమన్నది నిర్వివాదాంశం. అయితే తయారైన కొద్దిపాటి ఇంధనమైనా వాహనానికి చేరేలోగా చెడిపోకుండా ఉంటుందా అన్న ప్రశ్నకు తగిన ప్రాధాన్యం దక్కకపోవడం శోచనీయం.

నిల్వ నూనె ముక్కవాసన కొట్టడం ప్రతి ఇంటా అనుభవమే. బయోడీజిల్‌లో జరిగేదీ అదే. గాలిలోని ఆమ్లజని చేరి క్రమేణా ఆమ్లాలు, జిగురు ఏర్పడతాయి. జిగురు ఫిల్టర్లను మూసివేస్తుంది. ఆమ్లాలు లోహభాగాలను తినివేస్తాయి. వేడి, వెలుతురు, రాగి స్పర్శ ఈ క్షయాన్ని వేగిరపరుస్తాయి. పామాయిల్ ఇంధనం కొంత తట్టుకోగలదు. సోయా, పొద్దుతిరుగుడు నూనెలది త్వరగా చెడుతుంది. వాడిన వంటనూనెలోనైతే సహజ రక్షణ కల్పించే విటమిన్-ఇ చాలావరకు మూకుడులోనే నశిస్తుంది. ఆ నూనెను ఇంధనంగా మార్చేందుకు 2018లో ‘రూకో’ పథకం ప్రారంభమైన దృష్ట్యా ఇది గమనార్హం.

భారతీయ ప్రమాణాల సంస్థ 2005లోనే, 110 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలి పంపి పరీక్షిస్తే బయోడీజిల్ కనీసం 6 గంటలు నిలవాలని నిబంధన విధించింది. జట్రోఫా ఇంధనం సహజంగా అందులో దాదాపు సగం సేపే నిలుస్తుందని పరిశోధనల్లో తేలింది. టి.బి.హెచ్.క్యూ., పైరోగాలాల్, ప్రొపైల్ గాలేట్ వంటి యాంటీ ఆక్సిడెంట్లను పది లక్షల పాళ్లకు కొన్ని వందల పాళ్లు కలిపితే ఈ లోటు తీరుతుంది. అయితే ఇవి చెడిన ఇంధనాన్ని బాగుచేసే మందులు కావు. క్షయాన్ని వాయిదా వేసే కవచం మాత్రమే. కనుక వీటిని కర్మాగారంలోనే, ఇంధనం తయారైన వెంటనే కలపాలి.

ఖర్చు పెరుగుతుందన్న చిన్న ఉత్పత్తిదారుల ఆందోళన అర్థరహితం కాదు. కానీ నేడు మిగిల్చిన ఆ ఖర్చు రేపు లారీ యజమానిపై, ట్రాక్టరు నడిపే రైతుపై మరమ్మతుల రూపంలో పడుతుంది. తయారీనాటి ధ్రువపత్రం నెలల తరబడి ఎండలో ట్యాంకులో ఉన్న ఇంధనానికి హామీ కాజాలదు. డిపోలలో, బంకులలో కూడా నాణ్యతను పరీక్షించాలి. తయారీ తేదీ నమోదును తప్పనిసరి చేయాలి. చిన్న పరిశ్రమలకు ఉమ్మడి పరీక్షాశాలలు సమకూర్చాలి. ఒకసారి ఇంజను మొరాయిస్తే వినియోగదారుడు నిందించేది నిల్వ లోపాన్ని కాదు, జీవ ఇంధనాన్నే. ఆ నమ్మకం సడలితే ఎన్ని శాతాల లక్ష్యాలైనా కాగితాలకే పరిమితం కాక తప్పదు.