బాల భవన్ హాలు పిల్లలకే వదలండి

బాల భవన్‌ల బాధ్యత చూస్తున్న విద్యాశాఖ అధికారులకు,

ఒక జిల్లా కేంద్రంలోని బాల భవన్‌కు బడి వదిలాక పిల్లలు వస్తారు. హాల్లో ఏదో శాఖ సమావేశం నడుస్తుంటుంది. నాటకం సాధన చేయాల్సిన వాళ్లు బయట చెట్టు కింద, బండ్ల హారన్ల మధ్య గొంతు చించుకుంటారు. పాత దినపత్రికలకు మైదా జిగురు పూసి, బంగారు రంగు వేసుకున్న రావణుడి కిరీటం మొన్నటి వానకు ముద్దయిపోయింది.

నాటకం మాస్టారు రిటైరయ్యారు, ఆ ఖాళీ అలాగే ఉంది. బొమ్మలు నేర్పే టీచరే మాటలూ చెప్పిస్తున్నారు.

బడిలో దొరకని బొమ్మలు, ఆట, నాటకం పిల్లలకు అందాలనే కదా 1956లో ఢిల్లీలో జాతీయ బాల భవన్ పెట్టింది! 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో పిల్లలు ఊహ తెలిసేసరికే రంగస్థలం మీద ఉండేవారు. కూలీల, ఆటో డ్రైవర్ల పిల్లలకు అలాంటి వేదిక బాల భవన్ ఒక్కటే. ఫీజు కట్టి వేరేచోట నేర్చుకునే స్తోమత వాళ్లకు లేదు. తరగతిలో నోరు విప్పని అమ్మాయి ఇక్కడ మండోదరిగా నిలబడి గట్టిగా మాట్లాడుతోంది.

భారత్ 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం కళల్లో పాల్గొనడాన్ని పిల్లల హక్కుగా గుర్తించింది. మీరు ఇస్తున్నది దయాధర్మం కాదు.

సాయంత్రం 4 నుంచి 6 వరకు హాలును ఇతర సమావేశాలకు ఇవ్వొద్దని రాతపూర్వకంగా ఆదేశించండి. నాటకం టీచరు పోస్టు భర్తీ చేయండి. వేసవి శిబిరానికి కాగితం, రంగులు, బంకమట్టి మార్చిలోనే అందేలా చూడండి.